రైలు దిగాక మొదటి అయిదు నిమిషాలు: నెల్లూరు, గూడూరు స్టేషన్ల రద్దీ లెక్క

సంక్రాంతి సెలవులు ఇచ్చిన సాయంత్రం నెల్లూరు రైల్వే స్టేషన్ ఎలా ఉంటుందో ఇక్కడి హాస్టళ్లలో పిల్లల్ని చదివించిన తల్లిదండ్రులందరికీ తెలుసు. ట్రంకు పెట్టెలు, దిండ్లు, బకెట్లు, పుస్తకాల సంచులు, ఒక్కో పిల్లవాడి వెంట ఒకరిద్దరు పెద్దవాళ్లు. కాలేజీలన్నీ ఒకే పూట వదులుతాయి. అందరూ అవే మూడు నాలుగు రైళ్లకు వస్తారు. రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఇంకా చెప్పలేదు కాబట్టి సగంమంది వంతెన మెట్ల దగ్గరే నిలబడతారు, ఎటు చెబితే అటు దిగొచ్చని. సరిగ్గా అప్పుడే చెన్నై వైపు నుంచి ఒక రైలు వచ్చి ఆగుతుంది. దిగినవాళ్లు బయటికి పోవాలి. వాళ్లకున్నదీ అవే మెట్లు.

ఆ పది నిమిషాలూ స్టేషన్ మొత్తం కిక్కిరిసిపోయినట్టు కనిపిస్తుంది. కాస్త నిదానంగా చూస్తే ప్లాట్‌ఫారం చివర్లలో బెంచీలు ఖాళీగానే ఉంటాయి. నిండిపోయింది మెట్లు, వంతెన, బయటి గేటు. రద్దీ గురించి ఎప్పుడు చర్చ జరిగినా కొత్త భవనం, పెద్ద వెయిటింగ్ హాలు, ఇంకో ప్లాట్‌ఫారం అన్న మాటలే ముందు వినపడతాయి. వాటి అవసరం ఉంది, కాదనలేం. కానీ ప్రాణాల మీదికి వచ్చేది హాల్లో కాదు, మెట్ల మీద. స్టేషన్ సామర్థ్యాన్ని లోపల ఎంతమంది పడతారన్న దానితో కాక, నిమిషానికి ఎంతమంది బయటపడగలరన్న దానితో కొలవాలి.

నెల్లూరు రైతుకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. చెరువు ఎంత నిండిందో చూస్తాడు, కలుజు (మిగులు నీరు బయటికి పోయే దారి) ఎంత నీటిని వదలగలదో కూడా చూస్తాడు. కలుజులో చెట్టూ చేమా పడి దారి మూసుకుపోతే, చిన్న వానకైనా కట్ట దగ్గర కాపలా పడుకుంటాడు. రైల్వే స్టేషన్‌కు మెట్లూ వంతెనా గేటూ కలుజుల్లాంటివే.

మెట్లకు ఒక లెక్క ఉంది

మనుషులు నడిచే దారులకు ఇంజనీర్లు చాలాకాలంగా కొలతలు కడుతున్నారు. లండన్ భూగర్భ రైలు స్టేషన్లకు వాడే ప్రమాణంలో, రెండు వైపులా జనం నడిచే మెట్ల మీద ఒక మీటరు వెడల్పుకు నిమిషానికి 28 మందిని లెక్కవేస్తారు. అందరూ ఒకే వైపు నడిస్తే 35 మంది. మెట్లు లేని చదునైన దారి అయితే ఎదురెదురుగా నడిచేటప్పుడు 40, ఒకే వైపు అయితే 50. ఇవి ఊపిరాడక నెట్టుకుంటూ పోయే అంకెలు కావు, హాయిగా నడవగలిగే అంకెలు.

దీన్ని మన స్టేషన్‌కు అన్వయించి చూద్దాం. ఒక రైల్లోంచి 600 మంది దిగారనుకుందాం. పండగ రోజుల్లో ఇది పెద్ద అంకె కాదు. మెట్లు మూడు మీటర్ల వెడల్పు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ కలిసే నడుస్తున్నారు. నిమిషానికి 84 మంది, అంటే అందరూ దాటడానికి ఏడు నిమిషాల పైన పడుతుంది. అదే మెట్లను ఆ కాసేపు ఒక వైపుకే వదిలితే నిమిషానికి 105 మంది దాటతారు, ఆరు నిమిషాల లోపే ఖాళీ అవుతుంది. ప్లాట్‌ఫారానికి రెండు చివరలా రెండు వంతెనలుండి, వాటినీ అలాగే ఒక వైపుకే వదిలి, జనం సగం సగంగా చీలితే మూడు నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద ఖర్చు లేకుండా ఒక నిమిషం, ఇంకో వంతెనతో నాలుగు నిమిషాలు కలిసొస్తాయి.

ఆ నిమిషాలకు అంత విలువ ఎందుకంటే, ఏడు నిమిషాలు పట్టేచోట అయిదో నిమిషంలో ఇంకో రైలు వస్తే పాత జనం మీద కొత్త జనం పడతారు. విజయవాడ–చెన్నై మార్గం దేశంలో బాగా బిజీగా ఉండే లైన్లలో ఒకటి. రెండు మూడు రైళ్లు ఆలస్యమై ఒకదాని వెనక ఒకటి రావడం ఇక్కడ వింతేమీ కాదు. ఒక రైలు జనం పూర్తిగా బయటపడ్డాక రెండోది వస్తే ఏ ఇబ్బందీ లేదు. అరకొరగా బయటపడ్డప్పుడు వస్తే, మెట్ల మొదట్లో చదరపు మీటరుకు ఇద్దరు ముగ్గురు ఉండే చోట అయిదుగురు, ఆరుగురు చేరతారు. నలుగురు దాటాక మనిషికి తన అడుగు ఎక్కడ వెయ్యాలో ఎంచుకునే వీలు ఉండదు. ఆరేడుగురు అయ్యేసరికి గుంపు నీళ్లలా కదులుతుంది, వెనక ఒకరు తోస్తే ఆ తోపు ముందున్నవాళ్ల దాకా అలలా వస్తుంది. అప్పుడు తప్పు ఎవరిదో వెదకడంలో అర్థం లేదు. ఆ గుంపులో ఎవరూ కావాలని తోయరు.

దేశంలో జరిగిన మూడు పెద్ద దుర్ఘటనలు చూస్తే, అవన్నీ మెట్ల దగ్గరో వంతెన మీదో జరిగినవే. 2013 ఫిబ్రవరి 10న కుంభమేళా సమయంలో అలహాబాద్ స్టేషన్‌లో వంతెన దగ్గర తొక్కిసలాటలో 36 మంది చనిపోయారు. 2017 సెప్టెంబర్ 29న ముంబై ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో వాన పడుతుంటే తడవకుండా జనం వంతెన మీదే ఆగారు. ఆ లోగా వచ్చిన రైళ్ల జనమూ అక్కడికే చేరారు. పూలు పడ్డాయన్న హిందీ మాట వంతెన పడిందన్నట్టు వినిపించి భయం పుట్టిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. 23 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ వెడల్పైన కొత్త వంతెనకు మంజూరు అంతకుముందే వచ్చింది, కట్టడం మాత్రం మొదలు కాలేదు. ప్రమాదం తర్వాత సైన్యాన్ని పిలిస్తే 2018 ఫిబ్రవరి కల్లా వంతెన నిలబడింది. అయిదు నెలల్లో అయ్యే పని అది. ఈ ఒక్క విషయం తలుచుకుంటే మనసు మండుతుంది.

మూడోది 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్‌లో. 18 మంది చనిపోయారు. వంతెన మెట్ల మీద ఒక ప్రయాణికుడి తలమీది పెద్ద మూట జారిపడి, ఒకరి మీద ఒకరు పడటంతో అది మొదలైందని రైల్వే మంత్రి ఆ తర్వాత పార్లమెంటుకు చెప్పారు. ఒక మూట! నెల్లూరులో, ఒంగోలులో, కావలిలో తల మీద మూట లేని రైలు ప్రయాణం ఎక్కడుంది? సాఫీగా నడిచే మెట్ల మీద మూట జారితే తీసుకుని ముందుకు పోతారు. నిండిపోయిన మెట్ల మీద అదే మూట ప్రాణాంతకం.

గూడూరులో రైలు మారేవాళ్లు

కూడలి స్టేషన్‌లో ఇంకో చిక్కు ఉంది. మామూలు స్టేషన్‌లో దిగినవాళ్లు బయటికి పోతారు, బయటివాళ్లు లోపలికి వస్తారు. జంక్షన్‌లో మూడో రకం జనం ఉంటారు. ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కేవాళ్లు. వీళ్లు స్టేషన్ వదిలిపోరు, అడ్డంగా దాటతారు.

పాత నెల్లూరు జిల్లాలో అలాంటి పెద్ద కూడలి గూడూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనప్పుడు అది తిరుపతి జిల్లాలోకి వెళ్లినా రైలెక్కే జనానికి నెల్లూరుతో ఉన్న బంధం అలాగే నిలిచింది. విజయవాడ వైపు నుంచి వచ్చే లైను గూడూరులో రెండుగా చీలుతుంది. ఒకటి నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా చెన్నైకి, రెండోది వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటకు. నెల్లూరు నుంచి చెన్నై ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు, వ్యాపారానికి సరుకు తెచ్చుకునేవాళ్లు, సూళ్లూరుపేట వైపు రోజూ ఉద్యోగానికి పోయేవాళ్లు, తిరుమల యాత్రికులు, వేలూరు ఆస్పత్రికని కాట్పాడి పోయేవాళ్లు అందరూ ఈ కూడలి గుండా సాగుతారు. సూళ్లూరుపేటలో మెము (దగ్గరి ఊళ్ల మధ్య నడిచే కరెంటు రైలు) ఎక్కి శ్రీకాళహస్తి పోవాలంటే గూడూరులో దిగి మారాల్సిందే.

ఇక్కడ విజయవాడ, చెన్నై, గుంతకల్లు డివిజన్లు మూడూ కలుస్తాయి. ఒక డివిజన్ రైలు పది నిమిషాలు ఆలస్యమైతే, ఇంకో డివిజన్ రైలును అయిదు నిమిషాలు ఆపాలా వద్దా అన్నది ప్రయాణికుడి చేతిలో లేని నిర్ణయం. ఆపకపోతే ఆ కనెక్షన్ తప్పినవాళ్లంతా తర్వాతి రైలు దాకా ప్లాట్‌ఫారం మీదే ఉంటారు. ఆ తర్వాతి రైలుకు వచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు. రద్దీ అలా రెట్టింపవుతుంది. రోజూ మారేవాళ్లు ఎక్కువగా ఉండే జత రైళ్లు ఏవో స్టేషన్ సిబ్బందికి బాగా తెలుసు. ఆ నాలుగైదు జతలకైనా ఎంతసేపు ఆగి చూడాలన్నది రాతపూర్వకంగా ముందే తేల్చి, ప్రయాణికులకూ చెబితే చాలా గందరగోళం పోతుంది.

ఇంకా మేలైనది, మారేవాళ్లను మెట్లు ఎక్కించకుండానే మార్చడం. రెండు లైన్ల మధ్య ఉండే ప్లాట్‌ఫారానికి ఒక పక్క చెన్నై వైపు మెము, రెండో పక్క తిరుపతి వైపు పాసింజరు నిలబెడితే, ఇటు దిగి పది అడుగులు వేసి అటు ఎక్కుతారు. వంతెన మీద ఆ జనం కనపడరు. సింగపూర్ మెట్రోలో సిటీ హాల్, రాఫెల్స్ ప్లేస్ స్టేషన్లను మొదట్నుంచీ ఇలాగే కట్టారు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు స్టేషన్లలో, ఒక దిక్కుకు మారేవాళ్లకు ఒకటి, రెండో దిక్కుకు మారేవాళ్లకు ఇంకొకటి. హైదరాబాద్ అమీర్‌పేటలో అలా కుదరలేదు, రెండు లైన్లు ఒకదాని మీద ఒకటి దాటతాయి కాబట్టి మారే ప్రతివాళ్లూ మెట్లో ఎస్కలేటరో ఎక్కాలి. సాయంత్రం పూట అక్కడ నడిచినవాళ్లకు ఆ తేడా కాళ్లకే తెలుస్తుంది. గూడూరులో కొత్తగా ఏదీ కట్టకుండా, ఏ రైలును ఏ లైన్లోకి తీసుకోవాలన్న రోజువారీ నిర్ణయంతోనే కొంతవరకు ఇది సాధ్యం. ఎక్స్‌ప్రెస్‌లకు దారివ్వాలి, గూడ్సులు ఆగి ఉంటాయి, యార్డులో ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌లోకి మార్చడానికి వీలు చూడాలి. ఇన్ని పరిమితుల మధ్య ప్రతిసారీ కుదరదు. కుదిరిన ప్రతిసారీ మాత్రం కొన్ని వందల మంది వంతెన ఎక్కే పని తప్పుతుంది.

ప్లాట్‌ఫారం మార్చే అనౌన్స్‌మెంట్

స్టేషన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన వస్తువు ఏదంటే, ఆఖరి నిమిషంలో మైకులో వచ్చే ప్లాట్‌ఫారం మార్పు. ఒకటో నంబరు మీద నిలబడ్డ అయిదు వందల మంది, సామానుతో, పిల్లలతో, ఒక్కసారిగా మెట్ల మీదికి వస్తారు. రైలు ఆగేది రెండు నిమిషాలే అని అందరికీ తెలుసు. ఆ రెండు నిమిషాల టెన్షనే మనుషుల్ని పరిగెత్తిస్తుంది. కొందరు మెట్ల మాట వదిలేసి పట్టాల మీదికే దిగుతారు. పట్టాలు దాటే వాళ్లను జనం తిడతారు. తిట్టాల్సింది ఆ స్థితిని తెచ్చిన ఆలస్యపు ప్రకటనను.

దీనికి మందు పెద్ద యంత్రాలేమీ కాదు. ఫలానా రైలు రోజూ ఫలానా ప్లాట్‌ఫారం మీదికే వస్తుందని ఖాయం చెయ్యాలి. తప్పనిసరై మార్చాల్సి వస్తే, ఆ రైలును అవుటర్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆపినా సరే, వచ్చాక కాసేపు ఎక్కువ ఆపినా సరే, జనం దాటేదాకా ఆగాలి. మూడు నాలుగు నిమిషాల సమయపాలన పోతుంది నిజమే. అది ఒప్పుకోదగిన నష్టం.

పేర్ల గందరగోళం కూడా చిన్న విషయం కాదు. న్యూఢిల్లీ ఘటన రోజు ప్రయాగ్‌రాజ్ ఎక్స్‌ప్రెస్, ప్రయాగ్‌రాజ్ స్పెషల్ అన్న పేర్ల దగ్గర జనం తికమకపడ్డారని పోలీసులు చెప్పారు. ముంబై దాదర్‌లో సెంట్రల్, వెస్ట్రన్ రైల్వేలు రెండూ తమ ప్లాట్‌ఫారాలకు ఒకటి నుంచి నంబర్లు పెట్టుకోవడంతో ఏ ఒకటో నంబరో తెలియక ప్రయాణికులు ఏళ్ల తరబడి అవస్థ పడ్డారు. 2023 డిసెంబర్‌లో అన్నిటికీ వరస నంబర్లు ఇచ్చారు. పెయింటూ బోర్డులూ తప్ప పెద్ద ఖర్చు లేని పని. మన దగ్గర సింహపురి ఎక్స్‌ప్రెస్ ఉంది, విక్రమ సింహపురి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. రెండూ గూడూరు దాకా నడిచేవే, రెండూ మన ఊరి పాత పేరు సింహపురి పెట్టుకున్నవే. రోజూ ఎక్కేవాళ్లకు తేడా తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లకు మైకులో సగం మాట వినపడితే చాలు, తప్పు ప్లాట్‌ఫారం మీద ఉంటారు. పండగలకు వేసే స్పెషల్ రైళ్లకు నంబరుతో పాటు ఎటు పోతుందో, ఏయే ఊళ్ల మీదుగా పోతుందో తెలుగులో, తమిళంలో, హిందీలో నిదానంగా చెప్పాలి. రేకుల పైకప్పు కింద మైకు మోగే తీరు వల్ల మాట చెదిరిపోయే స్టేషన్లు మన దగ్గర ఎన్నో. మాట చక్కగా వినపడే చిన్న స్పీకర్లు దగ్గర దగ్గరగా పెట్టడం కూడా రద్దీ నివారణే.

జనరల్ బోగీ కోసం పరుగు

ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లకు వేసే ఎల్‌హెచ్‌బీ రకం బోగీ పొడవు సుమారు 23.5 మీటర్లు. 24 బోగీల రైలంటే అర కిలోమీటరు దాటుతుంది. జనరల్ బోగీలు సాధారణంగా రైలుకు ముందు, వెనక ఉంటాయి. స్టేషన్ గేటు, టికెట్ కౌంటరు, టీ స్టాలు, నీళ్ల కుళాయి, నీడ అన్నీ మధ్యలో ఉంటాయి. ఎండాకాలం నెల్లూరులో మధ్యాహ్నం పైకప్పు లేని ప్లాట్‌ఫారం చివర ఎవరు నిలబడగలరు? నీడలో నిలబడ్డ మనిషి రైలు కనపడ్డాక 250 మీటర్లు పరుగెత్తాలి. సామానుతో మామూలుగా నడిస్తే నాలుగు నిమిషాల దారి అది. రైలు ఆగేది రెండు నిమిషాలు.

పైకప్పును రెండు చివరల దాకా పొడిగించి, అక్కడ నీళ్లు, బెంచీలు, దీపాలు పెడితే జనం వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో చెప్పే బోర్డులు ఉన్నచోట అవి నిజం చెప్పాలి, రైలు కూర్పు తిరగబడి వచ్చిన రోజు కూడా. ఎక్కేవాళ్లు అర కిలోమీటరు పొడవునా పరుచుకుంటే రెండు నిమిషాలు సరిపోతాయి. మధ్యలో ఆరు బోగీల దగ్గరే గుమిగూడితే పది నిమిషాలు ఇచ్చినా చాలవు. పల్లెటూరి స్టేషన్‌లో రేకుల షెడ్డు పొడిగించడాన్ని సుందరీకరణ పద్దులో రాస్తారు. దాన్ని భద్రత పద్దులో రాయాలి.

మెము రైళ్లలో ఈ ఇబ్బంది తక్కువ. తలుపులు వెడల్పు, రిజర్వేషన్ లేదు, ఏ బోగీ అయినా ఎక్కొచ్చు. అందుకే రోజూ తిరిగేవాళ్లకు మెములు ఎన్ని ఎక్కువగా ఉంటే ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీల మీద అంత ఒత్తిడి తగ్గుతుంది. ఎనిమిది బోగీల మెమును పన్నెండు బోగీలు చేస్తే, పట్టాల మీద అదనంగా ఒక రైలుకు చోటు వెతక్కుండానే సగం మంది ఎక్కువ పడతారు. చిన్న హాల్టుల్లో ప్లాట్‌ఫారం పొడవు చాలకపోవడం ఒక్కటే అడ్డు. ఆ పొడవు పెంచడం కొత్త లైను వెయ్యడం కన్నా ఎంతో తేలిక.

ఆలస్యమే రద్దీని పుట్టిస్తుంది

స్టేషన్‌లోకి నిమిషానికి 20 మంది వస్తున్నారనుకుందాం. ఒక్కొక్కరు 15 నిమిషాలు ఆగి రైలెక్కి పోతే ఏ క్షణం చూసినా లోపల 300 మంది ఉంటారు. అదే జనం 45 నిమిషాలు ఆగాల్సి వస్తే 900 మంది. వచ్చేవాళ్ల సంఖ్య పెరగలేదు, స్టేషన్ చిన్నదవలేదు, అయినా రద్దీ మూడింతలైంది.

పైగా ఆలస్యం తనంతట తానే పెరుగుతుంది. లేటుగా వచ్చే రైలు కోసం ప్రతి స్టేషన్‌లోనూ ఎక్కువమంది పోగవుతారు. వాళ్లు ఎక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఇంకా లేటవుతుంది. వెనకాల వచ్చే రైలు మాత్రం దాదాపు ఖాళీగా నడుస్తుంది. బిట్రగుంటలోనో మనుబోలులోనో మెమును లూప్‌లో, అంటే పక్క లైన్లో, ఆపి పెట్టి రెండు ఎక్స్‌ప్రెస్‌లను వదిలితే, ఆ ఇరవై నిమిషాల ఫలితం గూడూరు మెట్ల మీద కనిపిస్తుంది. విజయవాడ–గూడూరు మూడో లైను పనుల విలువ ఇక్కడే ఉంది. వేగం గురించి అందరూ మాట్లాడతారు. రోజూ తిరిగేవాళ్లకు వేగం కన్నా, చెప్పిన వేళకు రైలు రావడమే ముఖ్యం. మూడో లైను పూర్తిగా అందుబాటులోకి వచ్చాక దొరికే ఖాళీనంతా కొత్త ఎక్స్‌ప్రెస్‌లకు ఇచ్చేస్తే ఈ మేలు పోతుంది. ఉదయం, సాయంత్రం రెండేసి గంటలు ఒంగోలు–నెల్లూరు–గూడూరు మధ్య మెములు ఒకే ఎడంలో నడిచేలా ఆ చోటు ముందే పట్టి ఉంచాలి.

రైళ్లు మొత్తం ఆగిపోయే రోజుల సంగతి వేరు. 2021 నవంబర్‌లో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు, ఎటు పోవాలో తెలియక ప్రయాణికులు స్టేషన్లలో చిక్కుబడ్డారు. అలాంటి రోజు స్టేషన్‌లోకి కొత్తగా జనాన్ని రానివ్వకుండా ఆపి, ఉన్నవాళ్లకు బస్సులు చూపించడమే అసలు పని. ఆర్టీసీతో ఆ ఒప్పందం వరద వచ్చాక కుదుర్చుకునేది కాదు.

గేటు బయట

స్టేషన్ లోపల ఎంత బాగు చేసినా బయటి గేటు దగ్గర ఆటోలు రెండు వరసల్లో నిలబడి ఉంటే అంతా వృథా. లోపలి మెట్లను నిమిషానికి 100 మంది దాటగలిగినా, గేటు ముందు 60 మందికే దారి ఉంటే మిగతావాళ్లు వెనక్కి, వంతెన దాకా పోగవుతారు. నెల్లూరులో ప్రధాన ఆర్టీసీ బస్టాండు ఒక చోట, రైల్వే స్టేషన్ ఇంకో చోట. ఒంగోలులోనూ అంతే. రైలు దిగిన మనిషికి వెంటనే ఆటో కావాలి, ఆటోవాడికి గిరాకీ కావాలి, ఇద్దరూ గేటు నోటి దగ్గరే కలుసుకుంటారు. ఆటో డ్రైవర్లను తరిమితే పది నిమిషాల్లో తిరిగొస్తారు, పొట్టకూటి కోసం. గేటుకు 40, 50 మీటర్ల దూరంలో వాళ్లకు నీడ ఉన్న స్టాండు ఇచ్చి, అక్కడికి పోయే దారి రైలు దిగినవాళ్లకు కనపడేలా చేస్తే ఇద్దరి పనీ జరుగుతుంది. ప్రతి ప్రధాన రైలు వేళకు స్టేషన్ నుంచి బస్టాండుకు ఒక సిటీ బస్సు ఉంటే ఆటోల గుంపు కూడా పలచబడుతుంది.

నెల్లూరుకు పట్టాలకు రెండు వైపులా ఊరుంది. విజయమహల్ గేటు దగ్గరా, ఆత్మకూరు బస్టాండు దగ్గరా అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలిచిన రోజున ఊరు రెండుగా చీలిపోతుంది. స్టేషన్‌కు రెండు వైపులా టికెట్ కౌంటరు, ఆటో స్టాండు, పూర్తి స్థాయి గేటు ఉంటే, ఏ వైపు పోవాల్సినవాళ్లు ఆ వైపే దిగిపోతారు. అక్కర్లేకున్నా వంతెన దాటేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. టికెట్ కోసం వరసలో నిలబడే అవసరం, జనరల్ టికెట్లు ఫోనులో ఇచ్చే యూటీఎస్ యాప్ వచ్చాక కొంత తగ్గింది, 2025 జూలైలో రైల్‌వన్ యాప్ కూడా వచ్చింది. ఫోనులో టికెట్ తీసుకునేవాళ్లు ఎంత పెరిగితే, ఫోను వాడలేని ముసలివాళ్లకు కౌంటరు అంత ఖాళీగా దొరుకుతుంది. అలాగని కౌంటర్లు మూసెయ్యకూడదు.

రొట్టెల పండగ రోజుల్లో

న్యూఢిల్లీ ఘటన తర్వాత రైల్వే శాఖ పెద్ద స్టేషన్లలో శాశ్వత హోల్డింగ్ ఏరియాలు (ప్లాట్‌ఫారం మీదికి వదిలేముందు జనాన్ని ఆపి ఉంచే చోట్లు) కట్టాలని, 12 మీటర్ల, 6 మీటర్ల వెడల్పుతో కొత్త వంతెనల నమూనాలు వాడాలని నిర్ణయించింది. వంతెనల నిర్ణయం ఎంత త్వరగా అమలైతే అంత మంచిది. హోల్డింగ్ ఏరియా విషయంలో మాత్రం కాస్త ఆలోచించాలి. రైలు బయల్దేరే స్టేషన్‌లో అది చక్కగా పనిచేస్తుంది. రైలు గంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది, జనాన్ని విడతలుగా పంపొచ్చు. నెల్లూరు, ఒంగోలు లాంటి చోట రైలు దారిలో రెండు నిమిషాలు ఆగి పోతుంది. అక్కడ జనాన్ని బయట ఆపి రైలు కనపడ్డాక వదిలితే, ఆ తలుపు తెరవడమే తొక్కిసలాటకు దారితీస్తుంది. కనీసం పావుగంట ముందు వదలాలి, అది కూడా బోగీల వారీగా.

నెల్లూరుకు ఏటా ఒక పెద్ద పరీక్ష వస్తుంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగకు లక్షల మంది వస్తారు, తమిళనాడు, కర్ణాటక, తెలంగాణ నుంచి కూడా. దర్గా దగ్గర అధికారులు ఏటా మంచి ఏర్పాట్లు చేస్తారు. చెరువులోకి దిగే దారి వేరు, వచ్చే దారి వేరు, తప్పిపోయిన పిల్లలకు కేంద్రం, మైకులో నిరంతరం సూచనలు. రైల్వే స్టేషన్‌కు కూడా కావలసింది అవే. ఘాట్ దగ్గర పనిచేసిన అనుభవం ఉన్న పోలీసులు, వలంటీర్లలో కొందరిని ఆ అయిదు రోజులు స్టేషన్ మెట్ల దగ్గర పెట్టి, ఒక వంతెన ఎక్కడానికి, ఇంకోటి దిగడానికి అని తేల్చి, ఆ మార్పును నేల మీద బాణం గుర్తులతో చూపిస్తే ఎంతో తేడా వస్తుంది. మామూలు రోజున కూడా పెద్ద రైలు వచ్చిన అయిదు నిమిషాలు మెట్ల మొదట్లో ఒక మనిషి నిలబడి, దిగినవాళ్లు పోయేదాకా ఎదురొచ్చేవాళ్లను ఆపితే చాలు. ముందు చెప్పిన 84కీ 105కీ తేడా ఆ ఒక్క మనిషే.

జనాన్ని వేళల వారీగా చెదరగొట్టే ప్రయత్నాలు వేరే దేశాల్లో జరిగాయి. సింగపూర్‌లో 2013 నుంచి కొన్నేళ్లు, నగరం మధ్యలోని స్టేషన్లకు ఉదయం 7.45 లోపు చేరేవాళ్లను ఉచితంగా ప్రయాణించనిచ్చారు. మన దగ్గర సీజన్ టికెట్ ధరే తక్కువ, ఆఫీసు వేళలు ఉద్యోగి చేతిలో లేవు. కాబట్టి టికెట్ రాయితీతో పెద్దగా ఫలితం ఉండదు. కానీ హాస్టళ్లు సెలవులు వదిలే వేళ మన చేతిలో ఉంది. జిల్లా యంత్రాంగం కాలేజీలను పిలిచి, ఒంగోలు, విజయవాడ వైపు పిల్లలను ఒక రోజు, తిరుపతి, చెన్నై వైపు పిల్లలను మరుసటి రోజు పంపమని చెప్పొచ్చు. సెలవుల తేదీలు నెలల ముందే తెలుసు, ఎవరికీ పైసా ఖర్చు లేదు.

భారమంతా ఒకే స్టేషన్ మీద పడాలనీ లేదు. నెల్లూరుకు ఉత్తరాన పెన్న అవతల పడుగుపాడు, దక్షిణాన నెల్లూరు సౌత్, వేదాయపాళెం ఉన్నాయి. మెములన్నీ అక్కడ ఆగి, ఆటోలు బస్సులు దొరికితే, ఊరి రెండు చివర్ల జనం ప్రధాన స్టేషన్‌కు వచ్చే పనే ఉండదు. రాత్రిపూట దీపాలు, పోలీసు, తాగునీరు లేకపోతే మాత్రం ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ ఆ స్టేషన్ వాడరు.

పడమటి ప్రకాశం, నెల్లూరు మెట్ట ప్రాంతాల గుండా 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి లైను వస్తోంది. దర్శి, కనిగిరి, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి వైపు జనం ఒంగోలుకో నెల్లూరుకో బస్సులో వచ్చి రైలెక్కే తిప్పలు అది పూర్తయితే చాలావరకు తప్పుతాయి. అందులో ఉత్తరాన కొంత భాగం అయింది, మిగతాది సాగుతోంది. ఈ లైను పాత లైన్లను కలిసే చోట రేపు జంక్షన్లు వస్తాయి. ఆ స్టేషన్లలో మెట్లు ఎన్ని, వెడల్పు ఎంత, రైలు మారేవాళ్లు ఏ ప్లాట్‌ఫారం మీద ఇటు దిగి అటు ఎక్కాలి, బస్సు ఎక్కడ ఆగాలి అన్నవి ఇంకా గీతలుగా ఉన్నప్పుడే దిద్దుకోవాలి. కాంక్రీటు పోశాక మూడు మీటర్ల మెట్లను ఆరు మీటర్లు చెయ్యాలంటే, నడుస్తున్న రైళ్ల మధ్య, జనం నడుమ, ఏళ్ల తరబడి చెయ్యాలి.